వెనుక ఇరుసులో పండ్ల లెక్క

బస్సు వెనుక నిలిచి క్రిందికి తొంగిచూచిన వారందఱును ఒక వస్తువును గమనించియే యుందురు. రెండు వెనుక చక్రములను కలుపు ఇరుసు నడుమ, గుమ్మడికాయవలె ఉబ్బిన ఇనుప గుండొకటి కానవచ్చును. ఆ గుండులోపల నేమున్నదో, అందలి చక్రములను మార్చినచో బండి పరుగున కెట్టి మార్పు కలుగునో, ఆ మార్పునకై మనము చెల్లింపవలసిన వెల యెట్టిదో, నాకు తెలిసినంత మట్టుకు మీకు విన్నవించెదను. నేను కొన్ని యేండ్లు అమెరికా దేశమున, మిచిగన్ రాష్ట్రములో, గేరులు కోయు కర్మాగారమున పని చేసినవాడను. కావున ఈ విషయము నాకు పుస్తకములవలన కంటె చేతి మసివలన తెలిసినదే యెక్కువ.

ఇంజను తిరుగుడు గేరుపెట్టెగుండ పోయి, పొడవైన షాఫ్టు నొకదానిని త్రిప్పును. ఆ షాఫ్టు బండి పొడవున వెనుకకు సాగును. చక్రముల ఇరుసో, బండికి అడ్డముగా నున్నది. నిలువు తిరుగుడును అడ్డపు తిరుగుడుగా మార్చవలెను గదా! అందుకై షాఫ్టు కొనయందు చిన్న పండ్లచక్రమొకటి, దానితో ఒరసికొని తిరుగు పెద్ద పండ్లచక్రమొకటి అమర్చుదురు. చిన్నది పినియను, పెద్దది క్రౌను. మన షెడ్లలో రెంటిని కలిపి క్రౌను పినియను అని ఒకే మాటగా వాడుదురు. అది యుక్తమే. ఏలనన కొనుటయు, మార్చుటయు జతగానే. తిరుగుడు దిక్కును మార్చుట ఈ జతకు మొదటి పని. తిరుగుడు వేగమును తగ్గించి, తగ్గించినంత మేర బలమును పెంచుట రెండవ పని. మలుపులయందు రెండు చక్రములను వేర్వేరు వేగములతో తిరుగనిచ్చు ఏర్పాటు కూడ ఆ గుండులోనే కలదు గాని, అది వేఱొక ప్రసంగమునకు సరిపడు విషయము. నేడు దాని జోలికి పోను.

పినియనుకు 11 పండ్లు, క్రౌనుకు 41 పండ్లు ఉన్నవనుకొందము. షాఫ్టు 41 చుట్లు తిరిగిన గాని రోడ్డుపై చక్రము 11 చుట్లు తిరుగదు. 41ని 11చే భాగించిన 3.73 వచ్చును. ఇదియే ఇరుసు నిష్పత్తి. సైకిలు త్రొక్కు వారికి ఇందులో క్రొత్త యేమియు లేదు. వెనుక చక్రమునకు పెద్ద పండ్లబిళ్ళ యున్నచో, బియ్యపు మూట వేసికొని గట్టెక్కుట సులభము. కాని చదును బాటపై కాళ్ళెంత గిరగిర త్రిప్పినను బండి సాగదు. చిన్న బిళ్ళ యున్నచో చదునుపై హాయిగా దూసికొనిపోవచ్చును గాని, బయలుదేరునపుడు మోకాళ్ళు పట్టుకొనును. మోటారుబండికి మోకాళ్ళు లేకపోవుటచేత ఆ బాధ మనకు తెలియదు. బండి మందకొడిగా నున్నదని మాత్రము విసుగుకొందుము.

మన యూళ్ళలో తిరిగిన పాత మహీంద్రా జీపును మీరెఱుగుదురు. విల్లీసువారి నమూనాపై చేసిన ఆ బండి ఇరుసులో క్రౌనుకు 43 పండ్లు, పినియనుకు 8 మాత్రమే, నిష్పత్తి 5.38. బురదలో, కొండదారిలో అది మొండిగా ప్రాకిపోవుటకు ఇదియొక కారణము. గంటకు 80 కిలోమీటర్లు పోవునప్పటికి పై గేరులో సైతము దాని ఇంజను నిమిషమునకు 3 వేల చుట్లు దాటి రొదపెట్టుటకును ఇదియే కారణము.

ఇక అసలు కథకు వచ్చెదను. 1994లో మా అక్కగారి కుమారుడు మిచిగనులో చదువు ముగించి, చిన్న యుద్యోగములో చేరి, 1988లో తయారైన ఫోర్డు మస్టాంగు కారొకటి కొనెను. ఎనిమిది సిలిండర్లు, 5 లీటర్ల ఇంజను, 225 గుఱ్ఱముల బలము. కొన్న వారమునకే మొగము వ్రేలవేసికొని నా యింటికి వచ్చెను.

"మామయ్యా, నన్ను మోసగించిరి. పెద్దరోడ్డులో కలియబోవునప్పుడు వెనుకనుండి లారీ మీదికి వచ్చుచున్నది. నేను అడుగంట నొక్కినను బండి కదలదు. ఇరుసులో గేరులు మార్పించిన సరిపోవునని మిత్రులు చెప్పుచున్నారు. 4.10 వేయించమందురు. మీరేమందురు?"

ఆ కారు ఇరుసు నిష్పత్తి 2.73. అంత చిన్న సంఖ్య నేల పెట్టిరని మీరడుగవచ్చును. చమురు కఱవు వచ్చిన పిమ్మట 1975లో అమెరికా ప్రభుత్వము, ప్రతి కార్ల కంపెనీయు తాను అమ్ము బండ్లన్నిటి సగటుపై గాలనుకు ఇన్ని మైళ్ళు రాబట్టి తీరవలెనని శాసనము చేసెను. అది 1978 నాటి బండ్లనుండి అమలులోనికి వచ్చెను. ఇంజను ఎంత తక్కువ తిరిగిన అంత తక్కువ పెట్రోలు. కావున కంపెనీలవారు ఇరుసు నిష్పత్తులను తగ్గించిరి. దానికి తోడు ఈ కారు గేరుపెట్టెలో ఐదవ గేరు 0.68, అనగా ఇంజను 68 చుట్లు తిరిగిన, షాఫ్టు 100 చుట్లు తిరుగును. గంటకు 55 మైళ్ళ వేగమున ఐదవ గేరులో ఈ ఇంజను నిమిషమునకు 1,340 చుట్లు మాత్రమే తిరుగును. అది కునుకుపాటు వంటి స్థితి. 225 గుఱ్ఱములు లాయములోనే యున్నవి గాని, నిద్రలో నున్నవి.

నేను వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని రోడ్డుపైకి పోతిని. వాడు చెప్పిన చోటనే, వాడు చెప్పిన వేగముననే, ఐదవ గేరునుండి మూడవ గేరునకు దింపి అడుగు నొక్కితిని. ఇంజను 2,600 చుట్ల ప్రాంతమునకు ఎగబ్రాకెను. బండి ముందునకు దూకెను. వాడు నోరు తెఱచి చూచెను. "అబ్బాయీ, నీ కావలసిన మార్పు సగము గేరుపెట్టెలోనే, కానీ ఖర్చు లేకుండ ఉన్నది" అంటిని. ఈ మాట శ్రోతలందఱును గమనింప ప్రార్థన. ఇరుసు గేరులు మార్చుటవలన ఇంజనుకు ఒక గుఱ్ఱపు బలమైనను పెరుగదు. ఫలానా వేగమున పోవుచున్న బండిలో ఇంజను ఎన్ని చుట్లు తిరుగుచుండవలెనను నిర్ణయమును మాత్రమే అది మార్చును. క్రింది గేరునకు దిగుట కూడ సరిగా అదే పని చేయును.

అయినను వాని మనసు కుదుటపడలేదు. ప్రతి చిన్న యవసరమునకును గేరు దింపుట వాని కిష్టము లేదు. అది తప్పు కోరిక యనియు నేననను. ఐదు గేరులలోను బండి చుఱుకుగా నుండవలెనన్న ఇరుసును ముట్టుకొనక తప్పదు. ఎంత మార్చవలెననునదే ప్రశ్న. కాగితము తీసికొని లెక్క వేసితిమి.

ఆ ఇంజను మెలి త్రిప్పు బలము అత్యధికముగా 300 పౌను అడుగులు. అనగా అడుగు పొడవుగల పానా కొనకు 300 పౌన్ల బరువు వ్రేలగట్టినంత. మొదటి గేరు 3.35. దానిని ఇరుసు 2.73తో హెచ్చింపగా చక్రము కడ 2,744 వచ్చును. టైరు వ్యాసము 25.6 అంగుళములు, వ్యాసార్ధము అడుగుకంటె కొంచెమధికము. దానిచే భాగింపగా, టైరు నేలను వెనుకకు త్రోయు బలము సుమారు 2,570 పౌన్లు. ఇరుసు 3.73 అయినచో అదే బలము 3,510 పౌన్లగును. రాపిడివలన పోవునది ఇందులో మినహాయింపలేదు. పెరుగుదల నూటికి దాదాపు 37. 3.55 వేసిన నూటికి 30, 4.10 వేసిన 50.

వాడు 50 అను సంఖ్యపై వ్రేలుంచి ఉబ్బిపోయెను. నేను వేఱొక లెక్క చూపితిని. మనిషితో కూడ ఆ బండి బరువు సుమారు 3,300 పౌన్లు. ముందు ఇంజను బరువు మిక్కుటమగుటచేత వెనుక చక్రములపై పడునది అందులో సగము కూడ కాదు. 1,400 పౌన్లకు అటునిటుగా. బండి ముందుకు దూకునపుడు కొంత బరువు వెనుకకు వ్రాలును, నిజమే. అయినను పొడి రోడ్డుపై మామూలు టైరు, తనపైనున్న బరువునకు ఇంచుమించు సమానమైన త్రోపునే నేల కందింపగలదు. మొదటి గేరులో పాత ఇరుసుతోనే 2,570 పౌన్లు వచ్చుచుండగా, దానిని 3,510 చేసి లాభమేమి? రబ్బరు కాలును, పొగ వచ్చును, చూచువారికి వినోదమగును. రెండవ గేరు సుమారు 2. అందు పాత ఇరుసుతో 1,530, క్రొత్తదానితో 2,100. అక్కడను కొంత వ్యర్థమే. మూడవ గేరునుండి మాత్రము పెరిగిన బలమంతయు రోడ్డుకు చేరును. అనగా ఈ మార్పువలని మేలు నిలుచున్న బండిని కదల్చుటలో కంటె, నడచుచున్న బండిని పరుగెత్తించుటలో నెక్కువ. కూడలి దీపముకడ పందెములు వేయువారు దీనిని తలక్రిందులుగా ఊహింతురు.

మిచిగనులో నాలుగైదు నెలలు రోడ్డుపై మంచు పేరుకొనునని కూడ వానికి జ్ఞాపకము చేసితిని. వెనుక చక్రములు త్రోయు బండికి మంచులో బలమెక్కువైన కొలది తోక ప్రక్కకు జాఱును. అట్టి దినములలో మొదటి గేరు వదలి రెండవ గేరుతో బయలుదేరవలెనని అప్పుడే మాట తీసికొంటిని.

ఇంకొక చిక్కు కలదు. అమెరికావారు బండి చుఱుకును సున్ననుండి 60 మైళ్ళ వేగమునకు పట్టు కాలముతో కొలుతురు. ఇంజనును 5,000 చుట్లవఱకు పోనిచ్చి గేరు మార్చెదమనుకొందము. పాత ఇరుసుతో రెండవ గేరులోనే 70 మైళ్ళ వఱకు పోవచ్చును. 60 చేరుటకు ఒక్కసారి గేరు మార్చిన చాలును. 3.73తో రెండవ గేరు 51 మైళ్ళకే ముగియును. 60 చేరుటకు మూడవ గేరు వేయక తప్పదు. గేరు మార్చు ఆ లిప్తపాటు బండిని త్రోయు బలము సున్న. మార్చిన బలములో కొంత ఆ విరామము దిగమ్రింగును. కాగితముపై నూటికి 37 పెరిగినది గదా, కాలము కూడ అంత తగ్గవలెనని యెదురుచూచువారు నిరాశ చెందుట కిదియొక హేతువు.

మఱి పెద్దరోడ్డుపై రోజుకు రెండుసార్లు ప్రయాణము సంగతి యేమి? 65 మైళ్ళ వేగమున ఐదవ గేరులో 2.73తో ఇంజను 1,583 చుట్లు తిరుగును, 3.73తో 2,162, 4.10తో 2,377. పాత ఇరుసుతో నాలుగవ గేరులో పోయిన అదే వేగమునకు 2,327. చూడుడు! 3.73 వేసినను ఐదవ గేరులో ఇంజను, పాత బండి నాలుగవ గేరులో తిరిగినంత కూడ తిరుగదు. ఐదవ గేరు 0.68 అగుటవలన కలిగిన అదృష్టమిది. ఇరుసులో పోగొట్టుకొన్న నెమ్మది గేరుపెట్టె తిరిగి యిచ్చుచున్నది. నాలుగే గేరులుండి, నాలుగవది నేరుగా షాఫ్టును త్రిప్పు పాత బండ్లకు ఈ సౌకర్యము లేదు. అట్టి బండిలో 3.73 వేసి దూరప్రయాణము చేయువాడు చెవులలో దూది పెట్టుకొనవలెను. కావున ఇరుసు మార్చగోరువాడు మొదట చూడవలసినది ఇరుసును కాదు, తన గేరుపెట్టెలోని చివరి గేరును.

4.10 వద్దంటిని. 3.55 చాలునంటిని. వాడు 3.73 అనెను. మేనమామకు మేనల్లునితో వాదములో గెలుపు ఎన్నడు కలిగినది? ఒప్పుకొంటిని.

అప్పుడు నేను పొరుగూరికి పనిమీద పోవలసివచ్చెను. వాడు ఆగలేక, దగ్గఱ నున్న ఒక షెడ్డులో పని చేయించెను. రెండు నెలల పొదుపు దానికి ఖర్చైనది. నేను తిరిగి వచ్చునప్పటికి బండి నిజముగానే చుఱుకుగా నున్నది. కాని 40 మైళ్ళు దాటి అడుగు తీసినంతనే వెనుకనుండి సన్నని యేడ్పు వంటి కూత వినవచ్చుచున్నది. "క్రొత్తది గదా, అరుగగా సర్దుకొనునని షెడ్డువారు చెప్పినారు మామయ్యా" అనెను. గేరుల కూత అరుగుటవలన సర్దుకొనదు, గేరులే చెడును. ఆ సంగతి నాకు తెలియును గనుక, మఱునాడు నూనె దింపి, మూత విప్పితిని.

ఇచ్చట ఈ చక్రముల స్వభావమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. పూర్వము పినియను సరిగా క్రౌను మధ్యకు ఎదురుగా నుండెడిది. 1926లో పాకార్డు కంపెనీవారు గ్లీసన్ సంస్థవారి క్రొత్త పద్ధతి ననుసరించి, పినియనును మధ్యకంటె క్రిందుగా అమర్చిరి. అందువలన షాఫ్టు దిగి, బండి నేల దిగి, బండ్లు పొట్టివై నిలకడ గలవైనవి. కాని ఈ ఏర్పాటులో వంపు తిరిగిన పండ్లు ఒకదానిపై నొకటి దొర్లుటయే గాక మిక్కిలి ఒత్తిడితో జాఱును కూడ. కావున వీనికి ప్రత్యేకమైన నూనె కావలెను. పినియను నిలుచు స్థానము వెండ్రుకవాసి తప్పరాదు. కర్మాగారములో ఒక క్రౌనును ఒక పినియనును కలిపి త్రిప్పి, నూఱి, పెండ్లి చేసి పంపుదుము. ఒక జతలోని క్రౌనును వేఱొక జతలోని పినియనుతో కూర్చిన కాపురము నిలువదు.

పినియను ఎంత లోపలికి నిలువవలెనో దాని వెనుక నుంచు పలుచని ఉక్కు షిమ్ము నిర్ణయించును. క్రౌనుకును పినియనుకును నడుమ వదలవలసిన సందు, అంగుళమును వెయ్యి భాగములు చేసిన అందు సుమారు పది. పినియను బేరింగుల నడుమ నలుగుడు గొట్టమొకటి యుండును. నట్టు బిగించుచుండగా అది కొద్దికొద్దిగా నలిగి బేరింగులకు తగిన బిగువు నిచ్చును. హెచ్చుగా నలిగినచో నట్టు వదులు చేసిన లాభము లేదు. గొట్టమును పాఱవేసి, క్రొత్తది వేసి, మొదటినుండి ప్రారంభింపవలెను. ఇవన్నియు సరిపోయినవో లేదో తెలియుటకు క్రౌను పండ్లకు పసుపుపచ్చని ముద్దను పూసి, చేతితో త్రిప్పి చూతుము. పినియను ఒరసిన చోట రంగు తొలగి అచ్చు పడును. ఆ అచ్చు పంటి నడుమ పడిన మంచిది. పంటి మొదలున పడిన పినియను మిక్కిలి లోపలికి పోయినదని గుర్తు; కొనయందు పడిన చాలినంత పోలేదని గుర్తు.

నేను రంగు పూసి చూచితిని. అచ్చు పంటి మొదలున నున్నది. షెడ్డువారు పాత పినియను వెనుకనున్న షిమ్మునే క్రొత్తదానికిని వేసిరి. ఒక్క గంట పని మిగిలినదని వారు సంతసించి యుందురు. నేను ఆ శనివారము పగలంతయు పినియనును నాలుగుసార్లు ఊడదీసి, నాలుగుసార్లు పెట్టితిని. నాలుగవసారి అచ్చు నడుమకు వచ్చెను. అదృష్టవశమున పండ్లు ఇంకను గాయపడలేదు. మొదటి దినములలో బండిని మెల్లగా నడిపి, నడుమ నడుమ నిలిపి చల్లారనిచ్చి, 500 మైళ్ళయిన పిమ్మట నూనె మార్చుమని చెప్పి పంపితిని. కూత మఱి వినబడలేదు.

వారము దినములకు వాడు టెలిఫోను చేసెను. "మామయ్యా, నేను 75 మైళ్ళలో పోవుచుంటిని; ముసలివాండ్రు కూడ నన్ను దాటిపోవుచున్నారు!" అని. నాకు నవ్వాగలేదు. ఆ బండిలో వేగము చూపు ముల్లును త్రిప్పునది గేరుపెట్టె వెనుకనున్న చిన్న పండ్లచక్రము. అది షాఫ్టు చుట్లను లెక్కించును గాని, చక్రపు చుట్లను కాదు. ఇరుసు మారినదని దానికెవరు చెప్పిరి? వాడు నిజముగా పోవుచున్నది 55 మైళ్ళు.

"ఐనను మామయ్యా, ఇంకొక విచిత్రము. గేరులు మార్చిన పెట్రోలు ఎక్కువగునంటిరి. నేను లెక్క వ్రాసి పెట్టితిని. పూర్వము గాలనుకు 24 మైళ్ళు వచ్చుచుండెను. ఇప్పుడు 30 వచ్చుచున్నవి!"

వేగపు ముల్లును త్రిప్పు చక్రమే మైళ్ళను లెక్కించు అంకెలను కూడ త్రిప్పునని వానికి తోచలేదు. నిజముగా 1,000 మైళ్ళు నడచిన బండి 1,366 నడచితినని చెప్పుచుండెను. పండ్లు హెచ్చుగా గల చిన్న ప్లాస్టిక్ చక్రమొకటి తెప్పించి, కేబులు కొనకు తగిలించి యిచ్చితిని. తరువాతి నెలలో వాడు మరల లెక్క వ్రాసి తెచ్చెను. గాలనుకు 22.